తిరిగే వంతెనకి సీలు మార్చిన రాత్రి

ఊరికి నీళ్ళిచ్చే ప్లాంటులో వెనకవైపు ఒక గుండ్రటి తొట్టి ఉంది. దానికి చెడ్డపేరు వచ్చింది. పొద్దుగూకాక ఆ వైపు ఎవరూ వెళ్ళేవారు కాదు.

తొట్టంటే స్నానాల గదిలో తొట్టి అనుకునేరు. సర్కస్ డేరా వేసేంత తొట్టి. ఏటినుంచి వచ్చిన బురదనీళ్ళు అందులో నిలబడి, మట్టంతా అడుక్కి దిగిపోయి, పైన తేటనీళ్ళు అంచు చుట్టూ ఉన్న కాలవలోకి పొర్లుతాయి. అడుగున చేరిన బురదని గీకడానికి పైన ఒక ఇనుప వంతెన ఉంటుంది. దాని ఒక కొన తొట్టి నడిమధ్యనున్న స్తంభం మీద, రెండో కొన గట్టు మీద చక్రాలతో. మోటారు వేస్తే గడియారం ముల్లులాగా గుండ్రంగా, తాపీగా తిరుగుతూనే ఉంటుంది. రాత్రీ లేదు, పగలూ లేదు.

ఆ వంతెన మీద రాత్రిపూట ఎవరో కూర్చుని తిరుగుతున్నారని చెప్పుకునేవారు.

తెల్లగా... తలేదో కాళ్ళేవో తెలియకుండా... వంతెన ఎటు తిరిగితే అటు.

వాచ్‌మన్ అది తొట్టి కట్టేటప్పుడు పోయిన తాపీమేస్త్రి అనేవాడు. కాదు, ఆడమనిషే, మూలుగు నా చెవులతో నేను విన్నాను అని తోటమాలి. క్యాంటీన్ నడిపే ఆవిడ ఎవరి మాటా కాదనలేక — ఇద్దరూ ఉన్నారు, వాళ్ళు మొగుడూ పెళ్ళాలు — అని సర్దిచెప్పింది.

దానికి తోడు అక్కడ బల్బు నిలిచేది కాదు. పొద్దున పెడితే సాయంత్రానికి చీకటే. అదీ చాలదన్నట్టు వంతెనని తిప్పే గేర్‌బాక్సు నూనె కక్కేది. షాఫ్టు బయటికి వచ్చేచోట నూనె కారకుండా ఒక రబ్బరు రింగు పట్టుకుని కూర్చుంటుంది చూడండి, ఆయిల్ సీలు అంటారు — దాన్ని మార్చేవారు. కొన్నాళ్ళకే కారేది. మళ్ళీ మార్చేవారు. మళ్ళీ కారేది.

"మనం వంతెన ముట్టుకోవడం వాడికి ఇష్టం లేదు" అని చేతులెత్తేశాడు పగటి ఫిట్టరు.

ఈ సంగతి నాకు ఇద్దరు చెప్పారు. ఒకరు మా బాబాయ్, ఆ ప్లాంటులో రాత్రి షిఫ్టు ఆపరేటరు. రెండోది మా అమ్మ. అమ్మ పక్కన లేనప్పుడు బాబాయ్ చెప్పే కథ ఒకలా ఉంటుంది, పక్కన ఉంటే ఇంకోలా ఉంటుంది. నేను రెండూ కలిపి చెబుతున్నాను. తేడా వచ్చిన చోటల్లా అమ్మ మాటే తీసుకున్నాను.

మా ఇంటి ముందు వసారాలో గేర్‌బాక్సులు బాగుచేసే షాపు ఉండేది. లేతు మీద నాన్న, విప్పడం బిగించడం అమ్మ. ఎవరైనా మొరాయించిన మిషన్ తెస్తే నాన్న "ముందు టీ తాగుదామా" అనేవాడు. అమ్మ మాట్లాడకుండా వెళ్ళి దానికి చెవి ఆనించేది. చుట్టుపక్కల వాళ్ళు ఆవిణ్ణి గేరమ్మ అనేవారు, ఎదురుగా కూడా.

ఆ రోజు బాబాయ్ డ్యూటీ ఎక్కి, ఎప్పటిలాగే సీసాలో నీళ్ళు పట్టి లైటుకి అడ్డం పెట్టి చూశాడు.

నీళ్ళ మీద సన్నగా... రంగురంగులుగా... నెమలి ఈకలా ఒక మెరుపు.

నూనె!

పరుగెత్తుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళాడు. అంటే సగం దూరం పరుగెత్తాడు, మిగతా సగం నడిచాడు, చివర కాస్తా నిలబడి టార్చి వేశాడు. గట్టు మీద పాకుతున్న గేర్‌బాక్సు కింద నల్లగా, బొట్టు వెనక బొట్టు... తిన్నగా తేటనీళ్ళ కాలవలోకే.

భయస్థుడే గానీ పని దగ్గర మా బాబాయ్ మొద్దు కాదు. ఆ కాలవ నీళ్ళు ఊళ్ళోకి పోకుండా గేటు మళ్ళించి పక్క గుంటలోకి వదిలేశాడు. కానీ ప్లాంటులో ఇలాంటిదే ఉన్న ఇంకో తొట్టిని కడగడానికని అప్పటికే ఖాళీ చేసి ఉంచారు. సంపులో ఉన్న నీళ్ళు తెల్లారేదాకా వస్తాయి. తర్వాత ఊళ్ళో కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ఆసుపత్రిలో కూడా.

పెద్దసారుకి ఫోన్ చేశాడు. పెద్దసారంటే ప్లాంటు సూపరింటెండెంటు. ఆయన నడిచొస్తుంటే పైపుల్లో నీళ్ళు కూడా వరసలో నిలబడతాయని చెప్పుకునేవారు. ఫోన్ మోగీ మోగీ ఆగిపోయింది. పగటి ఫిట్టరుకి చేశాడు. "తెల్లారగానే వాలిపోతా" అన్నాడు ఫిట్టరు. ఇంకేం చేస్తాడు, మా ఇంటికి చేశాడు.

"వదినా, కొంచెం రాగలవా?"

"ఏమైంది అబ్బాయ్?"

"వంతెన గేర్‌బాక్సు కారుతోంది."

"మీ ఫిట్టరు లేడా?"

"ఉన్నాడు. రానంటున్నాడు."

"ఎందుకు రాడు?"

బాబాయ్ గొంతు తగ్గించాడు. "చీకటి పడింది కదా..."

"పడితే? ఆయనకి రేచీకటా?"

"అది కాదు వదినా... నీకు తెలుసుగా... ఆ తొట్టి."

అమ్మ తొట్టి మాట పట్టించుకోలేదు. షాఫ్టు మందం అడిగింది, సీలు మీద అచ్చయిన నెంబరు అడిగింది. షాపులో వెతికి సరిపడే సీలు తీసుకుంది. నాన్న చొక్కా తొడుక్కుని చేతులు మడిచింది. "నేనూ రానా?" అన్నాడు నాన్న. "వద్దు. అన్నదమ్ములిద్దరూ కలిస్తే ఇద్దరూ కలిసి భయపడతారు" అని స్కూటరు ఎక్కింది.

ప్లాంటు గేటు దగ్గర బాబాయ్ ఎదురుచూస్తున్నాడు. చేతిలో టార్చి, చంకలో ఇంకో టార్చి, జేబులో కొవ్వొత్తి.

"కొవ్వొత్తి ఎందుకు?"

"రెండూ ఆరిపోతే..."

"ఆరవు. పద."

వడపోత గది దాటారు. పటిక గోడౌను దాటారు. అక్కడిదాకా లైట్లున్నాయి. ఆ తర్వాత ఒక్కసారిగా — ఏమీ లేదు. ఎవరో ఊది ఆర్పినట్టు చీకటి.

ఆ చీకట్లోంచి చప్పుడు వస్తోంది. గుర్ర్‌ర్... టక్. గుర్ర్‌ర్... టక్.

"విన్నావా వదినా?"

"విన్నాను. చెయిన్ వదులైంది. బిగించాలి."

గట్టు మెట్లెక్కారు. నీళ్ళమీంచి చల్లగాలి మొహానికి తగిలింది. తొట్టి నిండా నల్లటి నీళ్ళు — ఎక్కడ నీళ్ళు అయిపోయి ఎక్కడ ఆకాశం మొదలవుతుందో తెలియదు. వంతెన మెల్లగా వాళ్ళవైపే వస్తోంది... ఎవరో పిలిస్తే వస్తున్నట్టు.

బాబాయ్ టార్చి వేసి వంతెన పొడుగునా చూపించబోయాడు. వెలుతురు సగం దాకా పోయి అలిసిపోయింది. నడిమధ్య స్తంభం దగ్గర జాలీ చుట్టిన చిన్న అరుగు ఉంటుంది, కరెంటు పెట్టె ఉండే చోటు. అక్కడ ఏదో తెల్లగా ఉన్నట్టు... లేనట్టు...

"వదినా... అటు చూడు."

అమ్మ చూసింది. అప్పటికి అక్కడ ఏమీ లేదు.

"అటు తర్వాత చూద్దాం. ఇటు చూడు" అని వంతెన దగ్గరికి రాగానే ఎక్కేసింది. బాబాయ్ కూడా ఎక్కాడు. ధైర్యం వచ్చి కాదు, గట్టు మీద ఒక్కడూ ఉండలేక.

గేర్‌బాక్సు దగ్గరే ఉన్న స్విచ్ నొక్కింది అమ్మ. గుర్రుమన్న చప్పుడు మెల్లమెల్లగా తగ్గి... ఆగింది.

ఇంతసేపూ ఆ చప్పుడుకి భయపడ్డ బాబాయ్, అది ఆగాక ఇంకా భయపడ్డాడు. అంత నిశ్శబ్దం! కాలవలో నీళ్ళు పొర్లడం ఒక్కటే వినపడుతోంది. పక్కన ఎవరో గుటకలు వేస్తున్నట్టు.

"లైటు షాఫ్టు మీద పెట్టు" అంది అమ్మ. "ఆకాశంలో చుక్కల మీద కాదు."

గేర్‌బాక్సు ఒళ్ళంతా కొత్తగా రంగు పూసి ఉంది. అమ్మ దాని చుట్టూ చెయ్యి వేసి తడిమింది. నెత్తి మీద వేలెడంత మూత ఒకటి తగిలింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. జేబులోంచి పానా తీసి, దాన్ని అలా కొద్దిగా తిప్పిందో లేదో —

"హుఁ...........శ్ష్ష్‌..."

పెద్ద నిట్టూర్పు! ఎన్నాళ్ళనుంచో గుండెల్లో దాచుకున్న మనిషి వదిలినట్టు.

ఇక్కడ బాబాయ్ మాట — తను ఒక అడుగు వెనక్కి వేశాడట. అమ్మ మాట — టార్చితో సహా కింద కూర్చుని ఆవిడ కాలు పట్టుకున్నాడట.

"లే అబ్బాయ్. గాలి. ఉత్త గాలి. ఇది దీని ముక్కు. లోపల వేడెక్కినప్పుడు గాలి ఇందులోంచే పోవాలి. ఏ మహానుభావుడో ముక్కు మీద కూడా రంగు పూసేశాడు. గాలికి దారి లేక నూనెని సీలు వైపు తోస్తోంది."

"అంటే... దెయ్యం కాదా?"

"రంగు వేసినవాడు ఎదురుపడితే అప్పుడు చెబుతా దెయ్యమో కాదో."

బాబాయ్‌కి కాస్త ప్రాణం లేచొచ్చింది. నవ్వాడు కూడా. ఆ నవ్వు నీళ్ళమీద పోయి, అవతలి గట్టుకి తగిలి, వేరే ఎవరిదో అయినట్టు తిరిగొచ్చింది. మళ్ళీ నవ్వలేదు.

అమ్మ ఉన్న నూనెని డబ్బాలోకి దింపింది. చెయిన్ ఊడదీసింది. పళ్ళచక్రానికి పుల్లరు తగిలించి, మర తిప్పుతూ తిప్పుతూ, బిగుసుకున్న పంటిని ఊడబెరికినట్టు దాన్ని బయటికి లాగింది. పాత సీలుని పెకలించి టార్చి దగ్గర పెట్టి చూసింది. దాని అంచు ఇంకా మెత్తగానే ఉంది. చిరగలేదు, ఎండలేదు.

"బాగానే ఉందే!" అన్నాడు బాబాయ్. "మరి ఎందుకు కారుతోంది?" అని, తనే అడిగిన ప్రశ్నకి తనకే ఒళ్ళు జలదరించి, చీకట్లోకి చూశాడు.

అమ్మ గుడ్డతో షాఫ్టు తుడిచింది. చూపుడువేలి గోరు దానిమీద ఆనించి మెల్లగా జరిపింది. గోరు ఒకచోట ఠక్కున ఆగింది.

"చెయ్యి ఇలా ఇవ్వు. గోరు పెట్టి చూడు."

బాబాయ్ చూశాడు. నున్నటి ఇనుము మీద చుట్టూ సన్నటి గాడి. చూపుకి అందదు, గోటికి అందుతుంది.

"ఏళ్ళ తరబడి ఒకేచోట రాసుకుని రాసుకుని షాఫ్టే అరిగింది. మీ ఫిట్టరు ఎన్ని కొత్త సీళ్ళు వేసినా వాటి పెదవి, అదే ఈ లోపలి అంచు, పోయి పోయి ఈ గాడిలోనే కూర్చుంటోంది. గాడిలో పట్టు ఎక్కడుంటుంది? ఆయన సీలు మారుస్తున్నాడు, చోటు మార్చడం లేదు."

"చోటెలా మారుస్తావు వదినా? సీలు కూర్చునే గూడు ఒక్కటేగా?"

"గూడు లోతుగానే ఉంది. అడుగు దాకా దిగ్గొట్టకుండా కొంచెం ఇవతలే ఆపుతా. పెదవి అరగని చోట కూర్చుంటుంది. ప్రస్తుతానికి అది చాలు. తీరిక దొరికినప్పుడు షాఫ్టుని లేతు మీదకి తెస్తే మీ అన్నయ్య చూసుకుంటారు."

చెప్పడం తేలికే. అడుగుదాకా కొట్టాలంటే కళ్ళు మూసుకుని కొట్టొచ్చు. మధ్యలో ఆపాలంటే చుట్టూ ఒకే లోతులో నిలవాలి. ఒక పక్క వంకర పోయిందంటే మళ్ళీ కారుడే. అమ్మ షాఫ్టుని సన్నటి గరుకు కాగితంతో రుద్దింది. పళ్ళచక్రం జారకుండా దానిమీద కోసిన చీలిక అంచుకి కొత్త రబ్బరు కోసుకుపోకుండా పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టింది. సీలుకి గ్రీజు రాసి, జాగ్రత్తగా తొడిగింది. చెక్కముక్క ఆనించి, చిన్న సుత్తి ఎత్తింది.

అప్పుడు వినపడింది.

"ఊఁ...ఊఁ..."

సన్నగా. తొట్టి నడిమధ్యనుంచి.

అమ్మ సుత్తి గాల్లోనే ఆగింది.

"పిల్లి" అంది.

"నీళ్ళ నడిమధ్యకి పిల్లి ఎలా వస్తుంది వదినా?" బాబాయ్ గొంతులోంచి మాట రావడం లేదు, గాలి వస్తోంది.

"వంతెన మీద నడిచొస్తుంది. దానికి కాళ్ళు లేవా?"

"ఊఁ...ఊఁ...ఊఁ..." ఈసారి కాస్త గట్టిగా. ఆ వెంటనే, దాన్ని నొక్కేస్తూ —

"ష్ష్ష్..."

బాబాయ్ అమ్మ మొహంలోకి చూశాడు. "పిల్లి... ష్ష్ అంటుందా?"



ఇక్కడికొచ్చేసరికి అమ్మ ఎప్పుడూ దాచకుండానే చెబుతుంది. భయమేసింది, అంటుంది. మిషన్ల చప్పుళ్ళు ఎన్ని విన్నా ప్రతిదానికీ ఒక కారణం దొరికేది. ఈ చప్పుడుకి కారణం దొరకలేదు. పరుగెడదామా అనిపించిందట. కానీ ఎలా పరుగెడుతుంది? ఎదురుగా గేర్‌బాక్సు పొట్ట ఖాళీ చేసి ఉంది. సీలు సగం లోపల, సగం బయట. సంపులో నీళ్ళు ఎంత మిగిలాయో తెలియదు. ఊళ్ళో అందరూ పొద్దున లేచి కుళాయి తిప్పుతారు.

"అబ్బాయ్" అంది నెమ్మదిగా. "నువ్వు వెళ్ళాలంటే వెళ్ళు. టార్చి ఇక్కడ పెట్టి వెళ్ళు."

బాబాయ్ వెళ్ళలేదు. ఆ ముక్క మాత్రం ఇద్దరూ ఒకేలా చెబుతారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా, రెండు చేతులతో టార్చి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వెలుతురు వణుకుతోంది గానీ, షాఫ్టు మీంచి మాత్రం పక్కకి పోలేదు.

అమ్మ సుత్తి వేసింది. టక్.

"ఊఁ...ఆఁ..."

"ష్ష్ష్..."

చెక్కముక్క కాస్త జరిపి మళ్ళీ. టక్.

"ఆఁ...ఆఁఆఁ..."

"ష్ష్ష్... ష్ష్ష్..."

సుత్తి దెబ్బ పడితే ఏడుపు. ఏడుపు వెనకే ఆ ష్ష్. దెబ్బకి దెబ్బ, ఏడుపుకి ఏడుపు... మూడోవాళ్ళెవరో తాళం వేస్తున్నట్టు. ఇనుప వంతెన కదా, పాదాల కిందనుంచి కూడా సన్నటి అదురు తెలుస్తోంది. ఎవరో... అటూ ఇటూ... అడుగులు వేస్తున్నట్టు.

అమ్మ తల ఎత్తలేదు. వేలితో సీలు చుట్టూ తడిమి లోతు చూసుకుంది. ఇంకొక్క రెండు దెబ్బలు పడాలి. సుత్తి ఎత్తింది.

చీకట్లోంచి గుసగుసగా ఒక మగగొంతు —

"ఇంకా... ఎంతసేపు...?"

బాబాయ్ చెప్పే కథలో, ఆయన ఛాతీ విరుచుకుని "ఎవడ్రా అది!" అని అరిచాడు. అమ్మ పక్కనుంటే ఆ అరుపు ఉండదు. నిజంగా జరిగింది ఏమిటంటే, బాబాయ్ కళ్ళు గట్టిగా మూసుకుని, ఒళ్ళంతా వంచి, ఎంతో మర్యాదగా దెయ్యానికి జవాబు చెప్పాడు.

"అయిపోవచ్చిందండీ... ఇంకొంచెమేనండీ..."



"సుత్తి... కాస్త మెల్లిగా కొట్టమనవయ్యా..."

బాబాయ్ మూసుకున్న కళ్ళు మూసుకున్నట్టే, చెవులు మాత్రం నిక్కబొడుచుకున్నాయి. ఆ "అయ్యా" అనడం ఆయన రోజూ వినేదే. వాల్వు సరిగ్గా కట్టలేదేమయ్యా, రిపోర్టు ఏదయ్యా, చొక్కా గుండీ పెట్టుకోవయ్యా...

ఒక కన్ను తెరిచాడు.

"సార్...?"

ఏడుపు ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. గుక్కపట్టి, గొంతంతా పెట్టి, కోపంతో ఏడ్చే ఏడుపు. ఇక ష్ష్‌లకి లొంగే ఏడుపు కాదది. వంతెన మీద అడుగుల చప్పుడు... తెల్లటి ఆకారం ఒకటి చీకట్లోంచి ఊడిపడి, టార్చి వెలుతురులోకి వచ్చింది.

తల మీదనుంచి మోకాళ్ళదాకా తెల్లటి దుప్పటి. దుప్పట్లో పెద్దసారు. గుండెకి గట్టిగా కట్టుకున్న బట్టలో, మొహం ఎర్రగా చేసుకుని కాళ్ళు తన్నుకుంటున్న పసిపాప. సారు చొక్కా జేబులో పెన్ను ఉండే చోట పాలసీసా.

పాప ఒక్కతే మాట్లాడుతోంది.

"మా మనవరాలు" అన్నాడు పెద్దసారు, ఎవరో అడిగినట్టు.

బాబాయ్ చేతిలో టార్చి ఇప్పుడు నిజంగానే కిందపడింది.

"మా అమ్మాయి పురిటికొచ్చింది" అన్నాడాయన. రోజూ ఆర్డర్లు వేసే గొంతు ఎక్కడికి పోయిందో, సంజాయిషీ ఇచ్చుకునే గొంతు అది. "ఇంట్లో పెద్దవాళ్ళం నేనూ అమ్మాయీ ఇద్దరమే. ఈ పిల్లకి రాత్రయితే నిద్ర ఉండదు. ఉయ్యాల వేశాం, పాటలు పాడాం, భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగాం. ఊహూఁ. ఒకరోజు సాయంత్రం ఎత్తుకుని ఇలా ప్లాంటు చూసిపోదామని వచ్చా. ఈ వంతెన మీద నిలబడ్డాను. అవతలి గట్టుకి చేరకముందే నిద్రపోయింది! ఆ గుర్రుమనే చప్పుడూ, ఈ తిరగడమూ... అప్పట్నుంచీ రోజూ తెస్తున్నా. ఇది పడుకున్న కాసేపే మా అమ్మాయి కూడా కన్ను మూస్తుంది."

"చీకట్లో నీళ్ళమీదికి పసిపిల్లనా సార్!" అంది అమ్మ.

"జాలీ లోపలే కూర్చుంటానమ్మా. దాని తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుంటా. పిల్లని చూడు, ఎలా కట్టుకున్నానో."

"మరి బల్బులు సార్?" అన్నాడు బాబాయ్.

పెద్దసారు నేల చూశాడు. "వెలుతురుంటే ఇది కళ్ళు మూయదయ్యా. వచ్చేటప్పుడు విప్పేస్తా."

"మరి... దెయ్యం?"

"అది మీరే పుట్టించుకున్నారు. నేను కాదనలేదు, అంతే. రాత్రిపూట వంతెన ఎక్కకూడదని బోర్డు పెట్టినవాణ్ణి నేనే. ఏ మొహంతో కాదంటాను? ఇందాక మీరొస్తుంటే చూశా. చూసి పోతారులే అని కరెంటు పెట్టె వెనక నక్కాను. మోటారు ఆపేస్తారని నాకేం తెలుసు?"

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, వీళ్ళిద్దరూ అక్కడ ఎందుకున్నారో అడగలేదని. నూనె డబ్బా వైపు చూశాడు. నడుం నిటారుగా అయింది.

"ఏమిటిది? నూనె కారిందా? కాలవ మళ్ళించావా?"

"మళ్ళించాను సార్."

"సంపులో ఎంతుంది?"

"తెల్లారేదాకా వస్తుంది సార్. మీకు ఫోన్ చేశాను, ఎత్తలేదు."

"మోగితే ఇది లేస్తుందని ఇంట్లో పెట్టి వచ్చా. మరింకా నిలబడి కబుర్లేమిటయ్యా? లైటు పట్టు!"

ఆ హోరులోనే అమ్మ మిగిలిన పని చేసింది. సుత్తి చప్పుడు చేయకుండా గుడ్డ అడ్డం పెట్టి మెత్తమెత్తగా తట్టింది. పాప ఏడుస్తూనే ఉంది. సారు ఊపుతూనే ఉన్నాడు, ఏదో పాట పాడుతూ. ఆ పాటకి దెయ్యాలుంటే నిజంగానే లేచి వెళ్ళిపోయేవని అమ్మ అంటుంది. సీలు చుట్టూ వేలు తిప్పి, అన్ని పక్కలా ఒకే లోతు ఉందని చూసుకుంది. ప్లాస్టిక్ కాగితం లాగేసింది. పళ్ళచక్రం ఎక్కించింది, చెయిన్ తొడిగి వదులు తీసింది. ముక్కుకి పట్టిన రంగు గీకి, అటువైపునుంచి ఇటు గాలి ఊది చూసి బిగించింది. కొత్త నూనె పోసింది.

"ఇక వేస్తున్నా" అంది. "రెయిలింగు పట్టుకోండి సార్."

స్విచ్ నొక్కింది. వంతెన ఒక్క జెర్కు ఇచ్చి కదిలింది. గుర్ర్‌ర్... గుర్ర్‌ర్... ఈసారి టక్ లేదు.

అమ్మ గేర్‌బాక్సు ముందు గొంతుక్కూర్చుంది. సీలు కింద తెల్లగుడ్డ పరిచి, కన్నార్పకుండా చూస్తోంది. బాబాయ్ టార్చి పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. గట్టు జరిగిపోతోంది. పటిక గోడౌను వచ్చింది, వెళ్ళింది. దూరంగా క్వార్టర్ల లైట్లు వచ్చాయి, వెళ్ళాయి. షాఫ్టు తిరుగుతోంది. గుడ్డ తెల్లగానే ఉంది. అమ్మ వేలు పెట్టి సీలు అంచు తడిమింది, వేలు లైటులో చూసుకుంది. పొడి.

వెనకాల ఏడుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు మూలుగయింది. మూలుగు ఎక్కడ ఆగిందో ఎవరూ గమనించలేదు.

ఎక్కినచోటే వంతెన మళ్ళీ వచ్చింది. ఒక చుట్టు పూర్తయింది.

"పట్టిందా?" అని గుసగుసగా అడిగాడు పెద్దసారు.

"పట్టింది సార్" అంది అమ్మ. "ఒక్క చుక్క లేదు. సీలు గట్టిగా పట్టింది."

"సీలు కాదమ్మా..." ఆయన మెడ కూడా కదపడం లేదు. "నిద్ర. తల నా భుజం మీద వాల్చింది, నాకు మొహం కనపడటం లేదు. కాస్త చూసి చెప్పు."

అమ్మ లేచింది. బాబాయ్ చేతిలో టార్చి అందుకుని, దానికి అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళ సందుల్లోంచి వచ్చే ఎర్రటి వెలుతురులో చూసింది. చిన్న నోరు తెరుచుకుని ఉంది. చెంప సారు దుప్పటికి అతుక్కుపోయి ఉంది.

"పట్టింది సార్."

మెట్లు పక్కకొచ్చాయి. బాబాయ్ దిగబోయాడు. పెద్దసారు చెయ్యి చాపి ఆయన చొక్కా పట్టుకుని ఆపాడు.

"ఇప్పుడే వద్దయ్యా" అన్నాడు, పెదాలు కదిలీ కదలకుండా. "కదిలితే లేస్తుంది. ఇంకో చుట్టు తిరిగి వద్దాం."